లాప్‌టాప్ మార్చే ముందు ప్లగ్గు చూడండి

మీరు అడిగింది టూకీగా ఇదీ. అమలాపురం దగ్గర ఒక చిన్న ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నారు. ఐ5 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, లాప్‌టాప్ శబ్దాన్ని మిక్సర్‌కి పంపే రెండు చానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్‌లోని సౌండ్లని వాయించే 49 కీల మిడి కంట్రోలర్ ఉన్నాయి. ఇంట్లో గంటల తరబడి బాగానే పలుకుతోంది. వినాయక చవితి ప్రోగ్రాముల్లో మాత్రం రెండుసార్లు చిటపటలు వచ్చాయి, ఒకసారి పాట మధ్యలో మొత్తం ఆగిపోయింది. సంక్రాంతికి మూడు ప్రోగ్రాములకు బయానా తీసుకున్నారు, అందులో ఒకటి కనుమ రాత్రి. లక్ష రూపాయల్లోపు ఏ లాప్‌టాప్ కొనమంటారు అని.

ఇప్పుడే ఏదీ కొనకండి. ఇంట్లో బాగుంది, స్టేజీ మీద పాడవుతోంది అని మీరే రాశారు. లాప్‌టాప్ రెండు చోట్లా అదే కదండీ. మారినవి కరెంటు, వేడి, కేబుళ్లు, మన తొందర. పాలకొల్లు, నరసాపురం, రాజోలు వైపు ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మొదటి పదేళ్లు నేనూ ప్రతి గొడవకీ లాప్‌టాప్‌నే తిట్టుకున్నాను, రెండు మార్చాను కూడా.

ముందు కరెంటు సంగతి. జాతరకో తీర్థానికో వేసిన స్టేజీకి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో ఎప్పుడైనా వెనక్కి వెళ్లి చూశారా? ఒక జనరేటర్, దాని నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు, మైక్‌సెట్, పక్కన బజ్జీల బండి బల్బు, అన్నీ దాని మీదే. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు ఉంటాయి, ఫేజుకీ ఫేజుకీ మధ్య 400 దాకా ఉంటాయి. ఆ న్యూట్రల్ వైరు ఎక్కడో లూజైందంటే లోడు ఎక్కువున్న ఫేజు మీద వోల్టేజీ పడిపోతుంది, లోడు తక్కువున్న ఫేజు మీద 300 కూడా దాటిపోతుంది. లాప్‌టాప్ చార్జర్ వెనక 100 నుంచి 240 అని రాసి ఉంటుంది, చూడండి. ఒక ఊరి తీర్థంలో సరిగ్గా ఇలాగే అయింది. బల్బులు ఒక్కసారి తెల్లగా వెలిగాయి, మా ప్యాడ్స్ వాయించే అతని అడాప్టర్ లోంచి పొగ వచ్చింది. నా లాప్‌టాప్ బతికింది నా తెలివి వల్ల కాదు. ఆ రోజు ప్లగ్గు అందక బ్యాటరీ మీద నడుపుతున్నాను, అంతే.

మర్నాడే మల్టీమీటర్ కొన్నాను. ఇప్పుడు స్టేజీ ఎక్కగానే మొదటి పని జంక్షన్ బాక్సులో వోల్టులు చూడటం. 210 నుంచి 240 మధ్య నిలకడగా ఉంటే పెడతాను. లైట్లు వేసినప్పుడల్లా పైకీ కిందకీ ఊగుతుంటే ఆ బాక్సులో పెట్టను. మైక్‌సెట్ వాళ్ల మిక్సర్‌కి ఏ లైను వచ్చిందో ఆ లైనులోనే నాకూ ఒక ప్లగ్గు ఇమ్మని అడుగుతాను. లైటింగ్ వాళ్ల బాక్సు దగ్గరగా ఉంది కదా అని అందులో పెట్టకండి. సీరియల్ సెట్లు ఆరి వెలిగినప్పుడల్లా మీ స్పీకర్‌లో టిక్కు టిక్కుమంటుంది. ఎర్తు ఉందా లేదా అని కూడా మీటర్‌తోనే చూడండి. పందిళ్లలో చాలాచోట్ల మూడో పిన్ను పేరుకే ఉంటుంది.

కరెంటు పోతే ఎలాగూ మైకులూ పోతాయి, మన సెటప్ ఒక్కటీ బతికి లాభమేంటి అంటారు కొందరు. మైక్‌సెట్ జనరేటర్ మార్చి పది, ఇరవై సెకన్లలో లేస్తుంది. మన లాప్‌టాప్ లేచి, సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, సౌండ్లన్నీ ర్యామ్‌లోకి ఎక్కేసరికి నాలుగు నిమిషాలు. జనం ముందు అది ఎంత పొడుగో మీకు తెలుసు. అందుకే ఇంటర్‌ఫేస్, కంట్రోలర్ రెండూ లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునేవి అయితే మంచిది. అప్పుడు లాప్‌టాప్ బ్యాటరీయే మొత్తానికీ యూపీఎస్. మీ ఇంటర్‌ఫేస్‌కి విడిగా అడాప్టర్ ఉంటే ఒక చిన్న యూపీఎస్ పెట్టండి. కాకపోతే ఒక మాట. మామూలు ఇంటి యూపీఎస్‌లు జనరేటర్ మీద గొడవ చేస్తాయి. జనరేటర్ వేగం హెచ్చుతగ్గులైతే 50 హెర్ట్జ్ అటూ ఇటూ అవుతుంది, యూపీఎస్ ఆ కరెంటు నాకొద్దని మాటిమాటికీ బ్యాటరీ మీదకి పోతుంది. పావుగంటలో ఆ బ్యాటరీ ఖాళీ. కీచుకీచుమంటుంటే నిర్లక్ష్యం చేయకండి.

ఇక గుయ్‌మనే హమ్. చార్జర్ పీకి చూడండి. పీకగానే పోతే అది చార్జర్ నుంచో ఎర్తు లూపు నుంచో వస్తోంది. లాప్‌టాప్ ఒక ప్లగ్గులో, మిక్సర్ ఎక్కడో దూరంగా ఇంకో ప్లగ్గులో ఉన్నప్పుడు రెండు ఎర్తుల మధ్యా ఆడియో కేబుల్ వంతెన అవుతుంది. దీనికి మందు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు, అంటే లాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య తీగలు నేరుగా కలవకుండా శబ్దాన్ని మాత్రం దాటించే చిన్న పెట్టె. రెండు చానెళ్లది కొనుక్కోండి, మీ లక్షలో చాలా చిన్న ముక్క. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్చు ఉంటుంది, హమ్ వస్తే అది నొక్కితే చాలా సార్లు పోతుంది. హమ్ పోతుందని ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లు మన స్టేజీల మీద ఇంకా ఉన్నారు. ఆ పని మాత్రం వద్దు. మైకు మూతికి ఆనించి పాడే మనిషి పెదవికి తగులుతుంది షాకు. లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందంటే ఎర్తు లేదని అది ముందే చెబుతోంది.

డీఐ బాక్సుకి ఇంకో ఉపయోగం. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక స్టీరియో కేబుల్ తీసి మిక్సర్‌లో ఒకే చానెల్‌కి తగిలిస్తారు చూడండి, ఆ చానెల్ బాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (రెండు తీగల మధ్య తేడాని మాత్రమే తీసుకునేది) అయితే ఎడమ లోంచి కుడి తీసివేసినట్టు అవుతుంది. రెండిటిలోనూ సమానంగా ఉన్నది మాయమైపోతుంది. గొంతు, బేసు, కిక్కు సాధారణంగా మధ్యలోనే ఉంటాయి కాబట్టి అవే పోతాయి. ఒకసారి నేను సౌండ్ చెక్‌లో 'ట్రాకులో కోరస్ వినపడట్లేదు, పెంచు' అని మిక్సర్ దగ్గర అబ్బాయి మీద అరగంట అరిచాను. తప్పు నా కేబుల్‌ది. రెండు చానెళ్ల డీఐ బాక్సు ఉంటే ఎడమ, కుడి విడివిడిగా వెళ్తాయి, ఈ గొడవ ఉండదు. ఎలాగూ మన ఊళ్లలో సగం చోట్ల అవుట్‌పుట్ మోనోయే (ఎడమ, కుడి కలిపి ఒకటే), హారన్లు కట్టేదీ మోనోగానే. మీ ట్రాకుల్ని ఇంట్లోనే ఒకసారి మోనోలో విని చూసుకోండి.

ఇప్పుడు మీ చిటపటలకు వద్దాం. చిటపటలు వేరు, మొత్తం ఆగిపోవడం వేరు. రెంటికీ ఒకే కారణం వెతక్కండి.

చిటపట అంటే బఫర్ (ముందుగా లెక్కకట్టి ఉంచుకున్న చిన్న శబ్దం ముక్క) ఖాళీ అయ్యే లోపు ప్రాసెసర్ తర్వాతి ముక్క లెక్క పూర్తి చేయలేదని అర్థం. ఇంట్లో మీరు చార్జర్ పెట్టి వాయిస్తారు. స్టేజీ మీద బ్యాటరీ మీద ఉన్నారేమో గుర్తు చేసుకోండి. చాలా లాప్‌టాప్‌లు చార్జర్ తీయగానే ప్రాసెసర్ వేగం తగ్గించేస్తాయి. విండోస్‌లో పవర్ మోడ్ చార్జర్‌కి వేరుగా, బ్యాటరీకి వేరుగా ఉంటుంది. రెండు చోట్లా ఎక్కువ పనితీరు ఉన్నదే పెట్టి, ఇంట్లో చార్జర్ పీకేసి గంటసేపు మీ అన్నిటికన్నా బరువైన పాట వాయించండి. అక్కడే బయటపడితే మీ లక్ష మిగిలినట్టే.

అప్పటికీ వస్తే లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, ఇంటి వాడకానికి ఉచితం. దాన్ని అరగంట నడవనివ్వండి. ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని ఎక్కువసేపు పట్టుకుని కూర్చుంటోందో పేరుతో సహా చూపిస్తుంది. ఎక్కువగా దొరికే దొంగలు వైఫై, బ్లూటూత్, గ్రాఫిక్స్ డ్రైవర్లు. వైఫై, బ్లూటూత్ ప్రోగ్రాం రోజున డివైస్ మేనేజర్‌లోనే ఆపేయండి. కింద మూలన ఉన్న బొమ్మ నొక్కి ఆపితే సరిపోదు, డ్రైవర్ పని చేస్తూనే ఉంటుంది.

మీరు ఏసియో డ్రైవర్ (శబ్దాన్ని ఆలస్యం తగ్గించి నేరుగా ఇంటర్‌ఫేస్‌కి పంపేది) వాడుతున్నారా, విండోస్ మామూలు డ్రైవరా అన్నది రాయలేదు. ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవరే వాడండి. బఫర్ లెక్క తేలిక. 44.1 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 44,100 శాంపిల్స్ చొప్పున, 128 శాంపిల్స్ అంటే 2.9 మిల్లీసెకన్లు, 256 అంటే 5.8, 512 అంటే 11.6. కుర్రాళ్లు 64 పెట్టుకుని గొప్పగా చెప్పుకుంటారు, స్టేజీ మీద చిటపటలాడుతుంటే ముఖాలు చూసుకుంటారు. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది. మీ మానిటర్ స్పీకర్ రెండు మీటర్ల అవతల ఉంటే అక్కడే దాదాపు 6 మిల్లీసెకన్లు పోయాయి, దాన్ని మీరు ఎప్పుడైనా పట్టించుకున్నారా? కీబోర్డుకి 256 పెట్టండి. వేలితో ప్యాడ్ మీద డోలక్ వాయించేవాళ్లకైతే 128 కావాలేమో. ఉత్తి ట్రాకులే నడిపితే 512 పెట్టి నిశ్చింతగా ఉండండి.

సాఫ్ట్‌వేర్‌లో కనిపించే సీపీయూ అంకెని నమ్ముకోవద్దు. చాలా వాటిలో అది సగటు. చిటపట వచ్చేది సగటు వల్ల కాదు, ఒక్క క్షణం పైకి లేచిన దాని వల్ల. ఇంట్లో అది సగం దాటకుండా చూసుకోండి. జనవరి రాత్రి పర్లేదు గానీ, శ్రీరామనవమికీ మే నెల పెళ్లిళ్లకీ ఇదే సెటప్ వాడతారు కదా, అప్పుడు సాయంత్రం ఆరైనా వేడి దిగదు. ప్రాసెసర్ వేడెక్కితే తన వేగం తనే తగ్గించుకుంటుంది. పైగా మన స్టేజీల మీద బల్లకి మెరిసే గుడ్డ కప్పుతారు, లాప్‌టాప్ అడుగున గాలి పీల్చే రంధ్రాలు దాని మీద పడి మూసుకుపోతాయి. వెనక అంచు కింద రెండు చెక్క ముక్కలు పెట్టండి. నేను పదేళ్లుగా అవే చెక్కలు మోస్తున్నాను.

8 జీబీ ర్యామ్ అన్నారు కాబట్టి, పాటకో ప్రాజెక్ట్ తెరిచే అలవాటు ఉంటే మానేయండి. ఆ రాత్రి పాటలన్నీ ఒకే సెట్‌లో పెట్టుకుని ప్యాచ్‌లు (పాటకి కావాల్సిన సౌండ్ల అమరికలు) మార్చుకుంటూ పోవాలి. బరువైన సింథ్ ప్యాడ్లు, స్ట్రింగ్స్ వేలితో వాయించనివి ఏవైనా ఉంటే వేవ్ ఫైలుగా మార్చి ట్రాకులో కలిపేయండి. ఎంపీత్రీ వద్దు, మొదట్లో చిన్న ఖాళీ చేరుతుంది, తాళానికి అది చాలు చెడగొట్టడానికి. అన్ని ఫైళ్లూ ఒకే శాంపిల్ రేటులో ఉంచండి. 48లో చేసిన ట్రాకు మార్పిడి లేకుండా 44.1లో నడిస్తే శృతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ దిగిపోతుంది, పాట కూడా ఈడుస్తుంది. గాయకుడు మీ వైపు చూస్తాడు, మీరు డ్రమ్మర్ వైపు చూస్తారు.

శృతి అన్నాను కాబట్టి ఇంకోటి. మన గాయకులు 'ఒకటిన్నర ఇవ్వు', 'ఐదున్నర ఇవ్వు' అంటారు. సీ షార్ప్, జీ షార్ప్. ఆ ట్రాన్స్‌పోజ్ ఎక్కడ చేస్తారో ఒకే చోట నిర్ణయించుకోండి. కంట్రోలర్ మీదా, సాఫ్ట్‌వేర్‌లోనూ రెండు చోట్లా ఉంటే ఏదో ఒక రోజు రెండూ కలిసి పైకి పోతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉంచడం మంచిది, ప్యాచ్‌తో పాటు గుర్తుంటుంది. కీ నొక్కి ఉండగా కంట్రోలర్ మీద ట్రాన్స్‌పోజ్ మారిస్తే కొన్ని కంట్రోలర్లలో ఆ స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఒక స్వరం అలా ఇరుక్కుపోతే ఆపడానికి మిడి కంట్రోల్ నంబర్ 120, 123 పంపే ఒక ప్యానిక్ బటన్ పెట్టుకోండి. కంట్రోలర్ మీద ఎడమ చేతికి అందే చోట, ఎర్ర స్టిక్కర్ అంటించి.

మొత్తం ఆగిపోయింది అన్నారే, అది నా అనుమానం యూఎస్‌బీ. వైరు కదిలి ఉండాలి, లేదా విండోస్ ఆ పోర్టుని నిద్రపుచ్చి ఉండాలి. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ హబ్ దగ్గరా 'కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపవచ్చు' అనే అర్థంలో ఒక టిక్కు ఉంటుంది, అది తీసేయండి. ఏ వైరు ఏ పోర్టులో పెడతారో రంగు స్టిక్కర్లు అంటించుకుని ఎప్పుడూ అందులోనే పెట్టండి. పోర్టు మారితే విండోస్ దాన్ని కొత్త పరికరం అనుకుని పేరు ముందు 2 అని చేరుస్తుంది, మీ సాఫ్ట్‌వేర్ పాత పేరు కోసం వెతుక్కుంటూ కూర్చుంటుంది. వైరుని ఒక చుట్టు తిప్పి స్టాండు కాలికి కట్టేయండి, ఎవరి కాలు తగిలినా లాగుడు స్టాండుకి పడాలి గానీ సాకెట్‌కి కాదు. కాళ్లు తగులుతాయా అని అడక్కండి. ప్రోగ్రాం మధ్యలో సన్మానం అని పదిమంది పెద్దలు దండలతో, శాలువాలతో ఎక్కుతారు. ఒకాయన నా కంట్రోలర్ పక్కనే కొబ్బరికాయ కొట్టబోయాడు, దణ్ణం పెట్టి పక్కకు పంపాను.

అప్‌డేట్ల గురించి పొడుగ్గా చెప్పను. బయానా తీసుకున్న రోజు నుంచి ఆఖరి ప్రోగ్రాం అయ్యేదాకా విండోస్ గానీ, ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే సౌండ్ల ప్రోగ్రాములు) గానీ, డ్రైవర్లు గానీ కదిలించొద్దు. అంతా బాగున్న రోజున డిస్కు మొత్తానికి ఒక ఇమేజ్ కాపీ తీసి బయటి డ్రైవ్‌లో ఉంచుకోండి. ఇంటర్నెట్ ఆపేసి, లాప్‌టాప్ పూర్తిగా రీస్టార్ట్ చేసి, అన్ని ప్లగిన్లూ తెరుచుకుంటున్నాయా చూడండి. కొన్ని లైసెన్సు కోసం నెట్ అడుగుతాయి, తీర్థంలో వేలమంది ఫోన్ల మధ్య సిగ్నల్ ఉండదు. క్రాక్ ప్లగిన్లు వాడుతుంటే నన్ను సలహా అడగడం దండగ. అవి ఎప్పుడు ఎందుకు ఆగుతాయో చేసినవాడికీ తెలియదు.

మన గాలి సంగతి బయటివాళ్లకి తెలీదు, అందుకే రాస్తున్నాను. ఏసీ కారులోంచి తీసిన లాప్‌టాప్‌ని వెంటనే ఆన్ చేయకండి, కొబ్బరి తోటల మధ్య ఆ తేమ గాలికి చల్లటి లోహం మీద నీరు పడుతుంది. అరగంట సంచిలోనే ఉంచి తర్వాత తీయండి. సంక్రాంతి రాత్రుల్లో పన్నెండు దాటాక మంచు కురుస్తుంటే వాయించని సామాన్ల మీద టవల్ వేయండి. దీపావళి రోజుల్లో వరి చేల నుంచి పచ్చదోమ లైట్ల మీదకి కుప్పలుగా వస్తుంది, చీకటి స్టేజీ మీద వెలిగే స్క్రీను మీదే వాలుతుంది. స్క్రీను వెలుగు బాగా తగ్గించుకోండి.

ఇవన్నీ చేశాక కూడా ఆగిపోతుందనే లెక్క వేసుకోండి. నా ఫోన్‌లో ఆ రాత్రి ట్రాకులన్నీ అదే వరసలో ఉంటాయి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, విడి కేబుల్‌తో మిక్సర్‌లో విడి చానెల్‌లో, ఫేడర్ కిందికి దించి. సొంత సౌండ్లు ఉన్న పాత కీబోర్డు ఒకటి పక్కన ఉంటుంది. లాప్‌టాప్ చచ్చినా పియానో, స్ట్రింగ్స్, హార్మోనియం దాని మీద వస్తాయి. మీకు సొంత సౌండ్లు లేని కంట్రోలర్ ఒక్కటే ఉంది కాబట్టి, లక్షలో కొంత ఇలాంటి సెకండ్ హ్యాండ్ కీబోర్డుకి పెట్టండి. నా మాటగా చెబుతున్నాను, కొత్త లాప్‌టాప్ కన్నా అది ఎక్కువ ఆదుకుంటుంది.

తర్వాత ఇంట్లో రిహార్సల్ చేయండి, పాటలకి కాదు, ప్రమాదానికి. మీరు వాయిస్తుండగా మీకు చెప్పకుండా తమ్ముణ్ణో చెల్లెల్నో ఏదో ఒక వైరు పీకమనండి. మళ్లీ శబ్దం వచ్చేసరికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. నేను మొదటిసారి చేసినప్పుడు నాలుగు నిమిషాలు పట్టింది, చేతులు వణికాయి, పాస్‌వర్డు కూడా తప్పు కొట్టాను. ఆ తర్వాత లాప్‌టాప్‌కి పాస్‌వర్డు తీసేశాను. ఇప్పుడు ఫోన్ ఫేడర్ లేపడానికి పది సెకన్ల లోపే.

కనుమ రాత్రి గురించి ప్రత్యేకంగా. ఆ రోజు జగ్గన్నతోటకి 11 ఊళ్ల ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి, అంబాజీపేట చుట్టుపక్కల దారులన్నీ జనమే. బండి అనుకున్న వేళకి చేరదు, సౌండ్ చెక్ దొరకదు అనుకునే బయల్దేరండి. వైర్లన్నీ ముందే తగిలించి ఒక చెక్క పలక మీద ఇంటర్‌ఫేస్, డీఐ బాక్సు, హబ్ స్క్రూలతో బిగించేసుకుంటే, అక్కడ పెట్టాల్సినవి నాలుగే ఉంటాయి: లాప్‌టాప్, కంట్రోలర్, మిక్సర్‌కి రెండు కేబుళ్లు. నా పలక సఖినేటిపల్లి రేవులో పంటు మీద ఎన్నిసార్లు దాటిందో లెక్కలేదు, ఒక్క స్క్రూ వదులవలేదు.

ముందు బ్యాటరీ మీద గంట పరీక్ష, తర్వాత లేటెన్సీమాన్ చేసి, పైన ఏ డ్రైవర్ పేరు వచ్చిందో, ఇంటర్‌ఫేస్ ఏ మోడలో రాయండి. లాప్‌టాప్ మార్చాలో వద్దో అప్పుడు చెబుతాను.